పులిగారింట్లో సాలెపురుగు

“ఈ క్షణం నుంచి ప్రభుత్వానికి చెందిన ఏ గోడ మీదా, ఏ మూలా, ఏ కప్పు కిందా ఒక్క సాలీడు కూడా ఉండటానికి వీల్లేదు. ఇది నా మాట. నా మాటంటే ప్రభుత్వం మాట. ప్రభుత్వం మాట ఎలా ఉంటుందో మీ అందరికీ తెలుసు.”

విలేకరుల సమావేశంలో ఇలా సెలవిచ్చి భవనాల శాఖ మంత్రివర్యులు మీసం దువ్వుకున్నారు. చప్పట్లు ఎక్కడ కొట్టాలో ముందే చెప్పించుకున్న కార్యకర్తలు సరిగ్గా అక్కడ కొట్టారు. ఫోటోగ్రాఫర్లు మీసాన్ని రెండు వైపుల నుంచీ తీసుకున్నారు.

వెనక వరసలోంచి ఒక విలేకరి లేచాడు. “సార్, సాలీళ్ల మీదే ఎందుకు సార్? బొద్దింకలున్నాయి, ఎలుకలున్నాయి.”

“బొద్దింక కష్టజీవి. ఎలుక నాలుగిళ్లు తిరిగి తెచ్చుకుని తింటుంది. సాలీడు అలా కాదు. ఓ మూల కూర్చుని వల పన్నుతుంది, వచ్చినవాణ్ణి వచ్చినట్టు మింగుతుంది. ఈ సంస్కృతిని నేను సహించను.”

మర్నాడు పత్రికలన్నీ ఈ ప్రసంగానికి అర్థాలు తీశాయి. సాలీడంటే కాంట్రాక్టరని ఒక పత్రిక, దళారీ అని మరో పత్రిక రాశాయి. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, తనకు ఏ వలతోనూ సంబంధం లేదని ఆర్థిక మంత్రి అర్జెంటుగా ఒక ప్రకటన విడుదల చేశారు. ‘దశాబ్దాల బూజు మీద తొలి వేటు’ అని సంపాదకీయం వచ్చింది. మంత్రిగారి దూరదృష్టికి జనం ముక్కున వేలేసుకున్నారు.

నిజానికి ఆ ప్రసంగంలో సాలీడంటే సాలీడే. మంత్రిగారు కాక అక్కడ ఆ సంగతి తెలిసినవాడు ఒక్కడు. అతను సభలో వేదిక వెనక కర్టెన్ చాటున, మడతపెట్టే బూజుకర్ర ఒకటి చంకలో ఇరికించుకుని నిలబడి ఉన్నాడు. మంత్రిగారి బామ్మర్ది.

అక్క పెళ్లయిన నాటి నుంచీ బామ్మర్ది బావను వదల్లేదు. కాగితం మీద అతని హోదా ప్రత్యేక సహాయకుడు. మంత్రిగారు ఏ గదిలోకి వెళ్లాలన్నా ముందు ఇతను వెళ్లి తలుపేసుకుంటాడు. బాంబులు వెతుకుతున్నాడని పోలీసులూ, బ్యాగులు దాస్తున్నాడని ప్రతిపక్షం వాళ్లూ అనుకునేవాళ్లు. పాపం, అతను వెతికేది సాలెపురుగుల్ని. మంత్రిగారిని జనం పులి అంటారు. ఒకసారి తుపాకీ గురిపెట్టినవాడి ముందు చొక్కా గుండీలు విప్పి నిలబడిన మనిషి ఆయన. అదే మనిషి గోరంత సాలెపురుగు కనిపిస్తే కుర్చీ ఎక్కుతారు. ఇంటి గుట్టు లంకకు చేటంటారు కాబట్టి ఆ గుట్టు ఇంట్లో ముగ్గురే మోస్తున్నారు. బావ, అక్క, బామ్మర్ది.

ఆ చారిత్రక ప్రకటన వెలువడిన రోజు పొద్దున ఏం జరిగిందంటే, మంత్రిగారు స్నానాల గదిలో ఉండగా షవర్ పైపు మీదుగా ఒకటి దిగింది. అరుపేమీ వినపడలేదు. పులి అరవదు. ఫోన్ చేసింది.

“ఎక్కడున్నావురా?”

“హాల్లోనే ఉన్నాను బావా.”

“గొంతు తగ్గించు. అది వింటుంది.”

బామ్మర్ది వెళ్లేసరికి మంత్రిగారు తువ్వాలు చుట్టుకుని, కమోడ్ మూత మీద, గోడకు అతుక్కుని నిలబడి ఉన్నారు. పురుగు మాత్రం తన పనేదో తను చూసుకుంటోంది. బామ్మర్ది దాన్ని అక్క నేర్పిన పద్ధతిలోనే పట్టాడు. పైన గాజు గ్లాసు బోర్లించడం, కింద నుంచి గట్టి అట్ట జొనపడం, తీసుకెళ్లి బయట వదలడం. మంత్రిగారి ప్రారంభోత్సవాల ఆహ్వానపత్రికలు బాగా మందంగా ఉంటాయి కాబట్టి ఆ ఇంట్లో అవి ఈ పనికే వాడేవాళ్లు.

“చంపేశావా?”

“లేదు బావా. చంపితే అక్క ఊరుకోదు. తోటలో వదిలాను.”

“ఏ వైపు మొహం పెట్టి వదిలావు?”

అక్క తలుపు దగ్గరికి వచ్చి నవ్వు ఆపుకుంది. “అది మీలో వందో వంతు కూడా లేదండీ.”

“నీకేం తెలుసు. దానికి ఎనిమిది కాళ్లు.”

“ఉంటే ఉన్నాయి. ఓటు లేదుగా.”

మంత్రిగారికి ఒళ్లు మండింది. ఓటు లేని జీవి తనను కమోడ్ ఎక్కించడం ఆయన సహించలేకపోయారు. ఒళ్లు తుడుచుకోకుండానే సెక్రటరీకి ఫోన్ చేసి ప్రెస్ మీట్ పెట్టించారు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారు గానీ, బ్రహ్మాస్త్రం చేతిలో ఉన్నవాడికి పిచ్చుక దొరకడమే గొప్ప కదా.

ఇక అమలు సంగతి. ఈ శాఖ అధికారుల కార్యదక్షతను ఎంత పొగిడినా తక్కువే. మొదటి సమీక్షలోనే సెక్రటరీ కళ్లద్దాలు సర్దుకుని ఒక మౌలిక ప్రశ్న లేవనెత్తారు.

“సార్, ఉత్తర్వులో సాలీడుకి నిర్వచనం ఇవ్వాలి. ఎనిమిది కాళ్లని రాశాం. ఒక కాలు ఊడిపోయింది దొరికితే ఫీల్డ్ స్టాఫ్ ఏం చేయాలి?”

“ఒక్క కాలున్నా పట్టుకోమనండి.”

“ఒక్క కాలే ఉంటే అది సాలీడని ఎలా తెలుస్తుంది సార్?”

మంత్రిగారి కళ్ల ముందు ఆ ఒక్క కాలు నడుచుకుంటూ వెళ్లింది. మంచినీళ్లు తాగి, దాని మీద సబ్ కమిటీ వేయమన్నారు.

పుదీనా నూనె వాసన సాలీళ్లకు పడదని ఎవరో ఇంటర్నెట్‌లో చదివారు. టెండర్లు పిలిచి పీపాలతో తెప్పించారు. ఏ ఆఫీసులోకి వెళ్లినా ఎవరో అప్పుడే పళ్లు తోముకుని వచ్చినట్టు ఉండేది. సాలీళ్లు పోయాయో లేదో గానీ గుమాస్తాలు కళ్లు తుడుచుకుంటూ కనిపించేవాళ్లు. తమ కష్టాలు విని ఉద్యోగులు ఇంతగా చలించిపోవడం ఎన్నడూ చూడలేదని వచ్చిన జనం మెచ్చుకున్నారు.

తర్వాత కన్నాల సర్క్యులర్ వచ్చింది. ప్రభుత్వ కార్యాలయాల్లో పురుగు దూరడానికి వీలున్న ప్రతి కన్నం, చీలిక, సందు తక్షణం మూసివేయవలెను అని దాని సారాంశం. ఇంజనీర్లు మాట జవదాటే రకం కాదు. వెంటిలేటర్లు మూశారు. తాళం చెవి దూర్చే కన్నాలు మూసి, తర్వాత తలుపులు పగలగొట్టుకుని లోపలికి వెళ్లారు. చివరికి గుమ్మం పక్కన గోడకు బిగించిన ఫిర్యాదుల పెట్టె దగ్గరికి వచ్చారు. దానికీ ఓ సన్నటి సందు ఉంది. సర్క్యులర్‌లో ‘ప్రతి’ అని ఉంది. సిమెంటుతో మూసేశారు.

ఒక పెద్దాయన, అంటే మామూలు ముసలాయన, చేతిలో కాగితం పట్టుకుని పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగాడు. “బాబూ, ఇది ఎక్కడ వేయాలి?”

“వేయడానికి కన్నం ఉందా తాతా?” అన్నాడు అటెండర్.

“లేదు బాబూ.”

“మరింకేం. ఇంటికెళ్లు.”

నెల తిరిగేసరికి శాఖకు వచ్చిన ఫిర్యాదులు సున్నా. ఇంత తక్కువ సమయంలో ప్రజల బాధలన్నీ తీర్చినందుకు భవనాల శాఖకు ఉత్తమ శాఖ షీల్డు ఇచ్చారు. షీల్డు అందుకుంటూ మంత్రిగారు బామ్మర్ది చెవిలో ఒక మాట అన్నారు. “దీనికి శాశ్వతంగా ఒక సంస్థ పెడదాంరా. సాలీళ్ల నివారణ సంస్థ. నువ్వే ఛైర్మన్.”

బామ్మర్దికి కాళ్లు నేల మీద ఆనలేదు. అతని జీవితంలో ఉన్నది ఒకటే కోరిక, ఏదో ఒక సంస్థకి ఛైర్మన్ కావడం. ఏ సంస్థ అన్న పట్టింపు లేదు. గుమ్మానికి తన పేరు చెక్కిన ఇత్తడి పలక ఉండాలి, తను వస్తుంటే ఒకడు కారు తలుపు తీయాలి, అంతే. ఇన్నేళ్లుగా బూజుకర్ర మోసింది ఆ తలుపు కోసమే. పెళ్లిళ్లలో అతన్ని ‘మంత్రిగారి తాలూకు’ అని పరిచయం చేసేవాళ్లు. ఆ ‘తాలూకు’ అతని గుండెలో ముల్లులా ఉండేది.

అయితే ఒక చిక్కు ఉంది. బయట సాలీళ్ల సంగతి షీల్డుతో తేలిపోయింది గానీ ఇంట్లో మాత్రం రోజురోజుకీ పెరుగుతున్నాయి. సోఫా వెనక, ఫైళ్ల అలమరాలో, ఆఖరికి షీల్డు మీద కూడా. మంత్రిగారికి నిద్ర కరువైంది. పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలిపిస్తే గుట్టు బయటపడుతుంది.

“ఆ కటౌట్ లైట్లు ఆపండి, వాటంతటవే పోతాయి,” అంది అక్క కాఫీ కప్పులు తీస్తూ.

గేటు పక్కన మంత్రిగారి నిలువెత్తు కటౌట్ ఉంది, మీసం మీద చెయ్యి వేసి. దాని మీద నాలుగు ఫ్లడ్‌లైట్లు పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా వెలుగుతాయి.

“లైట్లకీ సాలెపురుగులకీ ఏంటే సంబంధం?”

“వెలుగుంటే పురుగులు మూగుతాయి. పురుగులుంటే తినడానికి సాలీళ్లొస్తాయి. మీరు లైట్లు వేసి పిలిచి, కర్రతో కొట్టిస్తున్నారు.”

మంత్రిగారు, బామ్మర్ది ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ ఊళ్లో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరి గేటు ముందు లైట్లు వెలుగుతుంటే వాడు మంత్రి. పదవి పోయిన రోజు సాయంత్రానికి ముందు ఆరేది ఆ లైట్లే. రాజీనామా లేఖ ఆ తర్వాత ఎప్పుడో చేరుతుంది. అందులోనూ అది మంత్రివర్గంలో మార్పులు జరుగుతాయని ఊరంతా గుసగుసలాడుతున్న సమయం.

“సాలెపురుగులతోనైనా బతుకుతాను గానీ చీకట్లో బతకలేను,” అన్నారు మంత్రిగారు. ఆయన జీవితంలో పలికిన సత్యాల్లో ఇది ఒకటి.

అయినా బావ కళ్ల కింద నల్లటి చారలు చూడలేక బామ్మర్ది ఒక సాయంత్రం చెప్పకుండా స్విచ్ తీసేశాడు. అక్క చెప్పింది నిజమే. రెక్కల పురుగులు ఒక్కటీ రాలేదు. ఆ రాత్రి మంత్రిగారు గురకపెట్టి నిద్రపోయారు. పొద్దున లేచి చూస్తే వరండా ఖాళీ. రోజూ అక్కడ తొక్కుకునే కాంట్రాక్టర్లు లేరు, బదిలీల వాళ్లు లేరు, విగ్రహం పెట్టిస్తామని తిరిగే యువజన సంఘం లేదు. పాలవాడు మాత్రం వచ్చి, “అయ్యో, ఇలా అయిందేంటమ్మా,” అని అక్కని ఓదార్చాడు. బొకేలు పట్టుకున్న జనం రోడ్డుకి అవతల, మంత్రి కాబోతున్నాడని ఎవరో పుకారు పుట్టించిన ఒక ఎమ్మెల్యే ఇంటి ముందు బారులు తీరారు.

మధ్యాహ్నానికల్లా లైట్లు నాలుగు ఎనిమిదయ్యాయి. కాంట్రాక్టర్లు వచ్చారు. రెక్కల పురుగులు వచ్చాయి. వాటి వెనక సాలీళ్లు కుటుంబాలతో సహా వచ్చాయి.

ఇక్కడ పెద్దాయన గురించి చెప్పాలి. ముసలాయన కాదు, అసలు పెద్దాయన, మంత్రులందరి పైన ఉన్న మంత్రి. ఆయన అల్లుడి కన్ను ఒక స్థలం మీద పడింది. ప్రభుత్వాసుపత్రి వెనకున్న ఖాళీ స్థలం. అక్కడ పెద్ద మాల్ కట్టాలని అల్లుడి ఆశయం. భవనాల శాఖ మంత్రి ఒక్క సంతకం పెడితే చాలు.

ఆ సంతకం మంత్రిగారు పెట్టలేదు. ఇది చదువుతున్న మీకే కాదు, ఆయన్ని ఎరిగిన ఎవరికీ ఇది నమ్మశక్యం కాలేదు. ఇంతవరకు ఆయన చదివి సంతకం పెట్టిన కాగితం లేదు, సంతకం పెట్టకుండా ఆపిన కాగితమూ లేదు. ఈ ఒక్కదాని దగ్గర మాత్రం మొండికేశారు. ఆ స్థలంలో రోగుల వెంట వచ్చినవాళ్లు ఉంటారు. అక్కడే వండుకుంటారు, అక్కడే బట్టలారేసుకుంటారు, లోపలి నుంచి కబురు కోసం అక్కడే కూర్చుని ఎదురుచూస్తారు. ఒకప్పుడు తండ్రి లోపల మంచం మీద ఉన్నప్పుడు మంత్రిగారు కూడా అక్కడే, ఓ రేకుల కప్పు కింద, రోజుల తరబడి కూర్చున్నారు. అప్పటికాయన పులి కాదు, ఏమీ కాదు.

“పోనీ పెట్టేయండి బావా,” అన్నాడు బామ్మర్ది. “మన సంస్థ ఫైలు పెద్దాయన బల్ల మీదే ఉంది. మీరిది పెడితే ఆయన అది పెడతాడు.”

“పెట్టనురా.”

“మీ పదవికే మోసం వస్తుంది.”

“వస్తే రానీ. ఆ జనాన్ని లేపేసి ఎక్కడ కూర్చోబెడతావు?”

అక్క వంటింటి గుమ్మంలో నిలబడి మొగుడి వైపు చాలాసేపు చూసింది. తర్వాత వెళ్లి, అడక్కుండానే ఆయనకు ఇంకో కప్పు కాఫీ తెచ్చింది. బామ్మర్ది పరిస్థితి మాత్రం అడకత్తెరలో పోకచెక్క. బావ మీద గౌరవం పెరిగింది. ఇత్తడి పలక దూరమైంది. రెండూ ఒకేసారి జరగడం అతనికి నచ్చలేదు.

చివరికి పెద్దాయన స్వయంగా మధ్యాహ్న భోజనానికి వస్తానని కబురు పెట్టారు. ఆ స్థలం ఫైలు తన చేత్తోనే తెస్తానన్నారు. ఆ రోజు బామ్మర్ది పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. సోఫాలు తిరగేశాడు, కర్టెన్లు దులిపాడు, పటాల వెనక టార్చి వేసి చూశాడు, భోజనాల బల్ల కింద పాకాడు. ఒక్కటి కూడా లేదని నిర్ధారించుకున్నాకే బావను గదిలోకి రమ్మన్నాడు.

పెద్దాయన వచ్చారు, తిన్నారు, వంట బాగుందన్నారు. అల్లుడు ఎంత బుద్ధిమంతుడో చెప్పారు. చేతులు తుడుచుకుని ఫైలు తెరిచి బల్ల మీద పెట్టారు.

“ఏమయ్యా పులీ, పెడతావా?”

“పెట్టను సార్. నా పదవి తీసుకోండి, ఆ స్థలం జోలికి రాకండి.”

బావ ఇంత పొడుగ్గా ఉంటాడని బామ్మర్దికి ఆ రోజే తెలిసింది. నిజంగా గర్వపడ్డాడు. ఆ గర్వంతో తల పైకెత్తాడు కాబట్టే అది అతనికి కనిపించింది. పైన వేలాడే దీపపు గిన్నె లోపల నుంచి, అతను చూడని ఒకే ఒక్క చోటు నుంచి, ఒక సాలెపురుగు దారం వదులుకుంటూ తీరిగ్గా దిగుతోంది.

సరిగ్గా ఫైలు మీద దిగింది.

మంత్రిగారు కుర్చీ ఎక్కారు. కుర్చీ చాలక పక్కనున్న అలమరా మీదికి ఒక కాలు వేశారు. పెద్దాయన ఆశ్చర్యపోలేదు. పురుగును చూశారు, మంత్రిని చూశారు, మళ్లీ పురుగును చూశారు. చాలా కాలంగా వెతుకుతున్న వస్తువు దొరికినట్టు ఆయన మొహం నిదానంగా విప్పారింది.

అక్క గ్లాసు తెచ్చి అలవాటుగా దాని మీద బోర్లించింది. అట్ట జొనపబోతుంటే పెద్దాయన గ్లాసు మీద చెయ్యి వేశారు.

“ఒక్క నిమిషం ఆగమ్మా. ఏమయ్యా, దీన్ని తీసేయమంటావా, గ్లాసు ఎత్తమంటావా?”

“తీసేయండి సార్. మీ కాళ్లు పట్టుకుంటాను.”

“అంత దూరం ఎందుకు. సంతకం పెట్టు చాలు.”

అక్క మొగుడి వైపు చూసి, “వద్దండీ, కళ్లు మూసుకోండి, నేను తీసేస్తాను,” అంది. పెద్దాయన గ్లాసును వేలెడు ఎత్తారు. అలమరా మీద ఒక కాలు, కుర్చీ మీద ఒక కాలు పెట్టుకుని మంత్రిగారు చెయ్యి చాచారు. బామ్మర్ది పెన్ను అందించాడు. ఎవరో ఒకరు అందించాలి కదా.

మర్నాడు పెద్దాయన దగ్గర నుంచి బామ్మర్దికి పిలుపు వచ్చింది. వెళ్లగానే నియామక ఉత్తర్వు చేతిలో పెట్టారు. కింద ఆకుపచ్చ సిరా ఇంకా ఆరలేదు.

“నీ నిబద్ధత చూశానయ్యా. సాలీళ్ల నివారణ సంస్థకి నువ్వే ఛైర్మన్‌వి.”

బామ్మర్ది కళ్లు చెమర్చాయి. “నా విధులేంటండీ?”

“పెద్దగా ఏం లేవు. మంత్రివర్గ సమావేశం ఉన్న రోజున ఒకటి తెచ్చివ్వు. బతికున్నది.”

బామ్మర్దికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అన్నాడు, “బావ చచ్చిపోతాడండీ.”

“చస్తే ఎలా? నాకు కావాల్సిన మనిషి. ఆ గాజు సీసా నా ముందుంటే చాలు, దాన్ని తెరవాల్సిన అవసరం కూడా రాదు. నీకిష్టం లేకపోతే చెప్పు, ఆ కాగితం ఇలా ఇచ్చేయ్.”

కాగితం ఇచ్చేయడానికి బామ్మర్ది చెయ్యి లేవలేదు. మెట్లు దిగుతున్నంతసేపూ అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. బావ తనను చేరదీసిన రోజులు గుర్తొచ్చాయి, అక్క మొహం గుర్తొచ్చింది. వెనక్కి వెళ్లి వద్దని చెప్పేద్దామని గట్టిగానే అనుకున్నాడు. ఆఖరి మెట్టు దగ్గర ఒకడు వంగి కారు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆ అసహ్యాన్ని బయటే వదిలి అతను లోపల కూర్చున్నాడు.

ఆ తర్వాత మంత్రిగారింట్లో ఒక అద్భుతం జరిగింది. సాలీళ్లు మాయమైపోయాయి. పుదీనా నూనె చేయలేనిది, సబ్ కమిటీ తేల్చలేనిది కొత్త ఛైర్మన్ ఒంటిచేత్తో సాధించారు. రోజూ పొద్దున్నే వచ్చి, మూలలన్నీ వెతికి, ఒక్కదాన్ని కూడా చంపకుండా సీసాలోకి ఎక్కించుకుని తీసుకెళ్తున్నారు. ఇంట్లో మంత్రిగారికి కంటి నిండా నిద్ర పడుతోంది. ఆఫీసుకెళ్లే ముందు మాత్రం మొహం పాలిపోతోంది.

“ఒరేయ్, సీసా మూతకి ఆ చిల్లులెందుకురా?” అని అడిగింది అక్క ఒక రోజు.

“గాలి ఆడాలి కదక్కా. నువ్వే చంపొద్దన్నావుగా.”

“మరి తోటలో వదలకుండా జేబులో పెట్టుకుంటున్నావేం?”

“తోటలో వదిలితే మళ్లీ వస్తాయక్కా. దూరంగా వదులుతున్నాను.”

అక్క ఆ రోజు నుంచి తమ్ముడికి కాఫీ ఇవ్వడం మానేసింది.

మొదటి మంత్రివర్గ సమావేశం రోజున బామ్మర్ది సీసాను జేబురుమాలులో చుట్టుకుని పెద్దాయన ఆఫీసు వెనక గుమ్మంలోంచి వెళ్లాడు. అక్కడ ఒక పొడవాటి బెంచీ ఉంది. దాని మీద కొందరు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. చివరన ఉన్నది ఆర్థిక మంత్రిగారి తోడల్లుడు, ఈ మధ్యే బల్లుల నియంత్రణ మండలి ఛైర్మన్ అయిన మనిషి. ఒళ్లో గుడ్డ కప్పిన అట్టపెట్టె ఉంది. ఆయన పక్కన ఆరోగ్య మంత్రిగారి సొంత అన్న, సూదుల పరిరక్షణ కమిటీ ఛైర్మన్, ఒక స్టీలు డబ్బాతో. ఆయనకు అవతల విద్యాశాఖ మంత్రిగారి మేనల్లుడు నిండా ఊదిన ఎర్ర బుడగ ఒకటి, గుండుసూది ఒకటి పట్టుకుని కూర్చున్నాడు. పెద్దాయన ప్రభుత్వంలో ఇంతవరకు ఒక్క మంత్రి కూడా నోరెత్తి కాదనకపోవడాన్ని రాజకీయ పండితులు ఆయన నాయకత్వ పటిమ అని పుస్తకాలు రాశారు.

వాళ్లంతా బామ్మర్దిని చూసి, ఏమీ అడక్కుండా కొంచెం కొంచెం జరిగి చోటిచ్చారు.

“కొత్తా?” అన్నాడు తోడల్లుడు.

“అవునండీ.”

“మొదట్లో అన్నం సయించదు. తర్వాత సర్దుకుంటుంది.”

ప్యూను వచ్చి సీసా, పెట్టె, డబ్బా, బుడగ అన్నీ ఒక ట్రేలో పెట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. అప్పుడే బామ్మర్ది ఫోన్ మోగింది.

“ఎక్కడున్నావురా?” అన్నారు మంత్రిగారు. “నేను సమావేశం హాలు బయట ఉన్నాను. నువ్వొకసారి వచ్చి లోపల చూస్తే గానీ నేను అడుగు పెట్టలేను. ఆసుపత్రి స్థలం సంగతి ఇవాళ అందరి ముందూ మళ్లీ ఎత్తుతాను. ఆ సంతకం బెదిరించి పెట్టించుకున్నారని చెప్పేస్తాను. పదవి పోతే పోనీ.”

“వస్తున్నా బావా.”

బామ్మర్ది వెళ్లాడు. తలుపేసుకుని హాలంతా వెతికాడు. కుర్చీల కింద, కర్టెన్ల వెనక, దీపాల గిన్నెల్లో కూడా చూశాడు. నిజాయితీగా చూశాడు, ఎక్కడా ఒక్కటి లేదు. బయటికొచ్చి ఆ మాటే చెప్పాడు. మంత్రిగారు అతని రెండు చేతులూ పట్టుకుని, “నువ్వు నా తోడబుట్టినవాడి కన్నా ఎక్కువరా,” అన్నారు. బామ్మర్దికి ఏడుపొచ్చింది. దొంగ ఏడుపు కాదు.

మంత్రిగారు మీసం దువ్వుకుని లోపలికి నడిచారు. ఇటు తలుపు మూసుకుంటుండగా అటు తలుపులోంచి పెద్దాయన, ఆయన వెనక ట్రేతో ప్యూను లోపలికి రావడం బామ్మర్ది చూశాడు.

ఆ రోజు తీర్మానాలన్నీ ఏకగ్రీవంగా ఆమోదం పొందాయి. ఆసుపత్రి స్థలం తీర్మానాన్ని భవనాల శాఖ మంత్రివర్యులే ప్రతిపాదించారు. సమావేశం అయ్యేదాకా, తిరిగొచ్చి కూర్చున్న బామ్మర్దితో సహా, బెంచీ మీదున్న వాళ్లెవరూ కదల్లేదు. ఎవరి డబ్బా వాళ్లు ఇంటికి తీసుకెళ్లాలి.